నా కర్టెన్లు కోసేసిన మామ్మగారు

మా ఇంటి మామ్మగారు పోయారు. అంబాజీపేటలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు. పొద్దున్నే వాళ్లమ్మాయి గోడ అవతల నుంచి పిలిచి, నిద్రలోనే ప్రాణం పోయిందని చెప్పింది. ముందురోజే మా వారికి కొత్త పోస్టింగ్ ఆర్డరు వచ్చింది. ఇక కుటుంబాన్ని తీసుకెళ్లవచ్చు. ఆ కబురు మామ్మగారి మొహాన కొట్టి, నా గుడ్డ నాకిచ్చేయమని అడగడానికి మాటలు కూడబలుక్కుని ఉన్నాను. ఆ ముచ్చట కూడా తీరనివ్వలేదు ఆవిడ.

పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు రాయాలి. రాస్తాను గానీ, నా పద్ధతిలో రాస్తాను. ఆవిడంటే నాకు ఒళ్లు మంట. పోయారని తెలిశాక కూడా ఆ మంట చల్లారలేదు.

మా వారు సైన్యంలో ఉన్నారు. భార్యాపిల్లల్ని తీసుకెళ్లడానికి వీల్లేని చోట డ్యూటీ పడినప్పుడు, నేనూ మా పాపా ఆ ఇంట్లో ఒక వాటాలో దిగాం. కొద్ది నెలలే అనుకున్నాం. ఆర్డరు ఇదిగో అదిగో అంటూ ఏళ్లు గడిచాయి. మా వారి పేరూ నంబరూ తెల్లరంగుతో రాసిన నల్ల ఇనప పెట్టెలు గోడవారన ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. వంటకు సరిపడా గిన్నెలు తీసి, మిగతావన్నీ పోస్టింగ్ వచ్చాక విప్పుదామన్నాను. పాపకి సైకిలు పోస్టింగ్ వచ్చాక. మంచి కంచాలు పోస్టింగ్ వచ్చాక.

ఆ మాట వింటే మామ్మగారికి పూనకం వచ్చేది. చెప్పాపెట్టకుండా లోపలికొచ్చి, పెట్టెల వంక చూసి మూతి తిప్పుకునేవారు. నా పేరు తెలిసినా ఒక్కసారీ పిలిచిన పాపాన పోలేదు, 'మిలటరీ అమ్మాయ్' అనేవారు. నా పులుసు రుచి చూసి, చింతపండు కూడా పెట్టెలోనే దాచేవా అని అడిగారు. మా ఎదురుగా కొబ్బరికాయల రాశులు, వాటిని లారీలకెత్తే మనుషులు. ఒకరోజు వాటిని చూపించి, "లారీ వచ్చేదాకా కాయ గాలి పోసుకుంటా రాశిలో ఉంటాదమ్మా. ముందే గోనెలో కుక్కేస్తే కుళ్లిపోద్ది" అన్నారు.

"నేను కొబ్బరికాయని కాదండీ మామ్మగారూ" అన్నాను.

"ఆయ్, కాయైతే కాస్త తియ్యగా ఉండును" అన్నారు.

ఇక కర్టెన్ల సంగతి. మా పాత క్వార్టర్లో కిటికీలు తలుపులంత ఉండేవి. వాటి కోసం పచ్చపూల గుడ్డ కొని కుట్టించాను. అంబాజీపేట ఇంట్లో కిటికీలు పొట్టివి. కర్టెన్లు నేల మీద జీరాడుతుంటే మడతలు పెట్టి పిన్నీసులతో ఎగ్గట్టాను. గాలి వచ్చేది కాదు, పగలే లైటు వేసుకునేవాళ్లం. వానాకాలం అడుగంచు చెమ్మ పట్టింది. కోసెయ్యమని మామ్మగారు పోరుతూనే ఉన్నారు. వచ్చే క్వార్టర్లో మళ్లీ పెద్ద కిటికీలు ఉంటే ఏం చేయాలని నేను కోయలేదు. సైన్యంలో మనిషిని చేసుకున్న ఆడదానికి ఇది అర్థమవుతుంది.

ఒకరోజు అమలాపురం వెళ్లి వచ్చేసరికి ఇల్లంతా వెలుతురు. తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి, కర్టెన్లు కిటికీల కొలతకి కోసి, అంచులు మిషను మీద కుట్టి మళ్లీ తగిలించేశారు. నేను వీధి వీధంతా వినపడేలా అరిచాను.

"నేనే కోసేనమ్మా" అన్నారు ఆవిడ, గుమ్మంలో కదలకుండా నిలబడి. "కిటికీ ఈ ఊళ్లో పెట్టుకుని, గుడ్డ ఇంకో ఊరి కొలతకేంటి?"

కోసిన ముక్కలు ఇమ్మంటే ఇవ్వలేదు. వాటితో తన దిండుకి గలీబు కుట్టుకున్నారు. ఊరెళ్లేటప్పుడు అడుగు, ఇచ్చేస్తాను, అప్పటిదాకా ఊరికే పెట్టెలో మగ్గడం ఎందుకన్నారు. ఆవిడ మధ్యాహ్నం అరుగు మీద నా కర్టెన్ మీద తలపెట్టి గుర్రుపెడుతుంటే నాకెలా ఉండేదో మీరే ఊహించుకోండి.

చాలాకాలం మాటలు మానేశాను. ఆవిడ మానలేదు. సరిహద్దులో గొడవలని టీవీలో చూపించిన రోజుల్లో మా వారి ఫోను రాలేదు. మామ్మగారు పనసకాయ, కత్తి పట్టుకొచ్చి నా ముందు కూలబడ్డారు. కూరకి పొట్టు కొట్టమన్నారు. నేను కొడితే, ఇంత ముతక పొట్టు గేదె కూడా తినదని మళ్లీ కొట్టించారు. ఫోను సంగతి అడగలేదు, ధైర్యం చెప్పలేదు, రోజూ వచ్చి నన్ను తిడుతూ కూర్చున్నారు. ఫోను మోగి, నేను "ఆఁ, బాగున్నారా" అనగానే కత్తి తీసుకుని లేచి వెళ్లిపోయారు. ఆ కొద్దిరోజులూ ఆవిడ మీద కోపమే నన్ను నిలబెట్టింది.

ఇంకో మాట. కర్టెన్లు పొట్టివయ్యాక కిటికీ కింద చోటు ఖాళీ అయింది. ఒక పెట్టె అక్కడికి లాగి, దాని మీద కూర్చుని కూరలు తరిగేదాన్ని. కాలువ మీది గాలి తగిలేది. పోస్టింగ్ సంగతే గుర్తురాని మధ్యాహ్నాలు ఉన్నాయి. ఆవిడ బతికుండగా ఈ మాట చెప్పలేదు. చెబితే ఆ సంబరం నేను చూడలేకపోయేదాన్ని.

ఆ ఉదయం నేను వెళ్లేసరికి ఆవిడ తల ఇంకా ఆ పచ్చపూల గలీబు మీదే ఉంది. తర్వాత పక్కబట్టలన్నీ చుట్టి కాలువ గట్టున పారేయడానికి తీసుకెళుతుంటే అడ్డం వెళ్లాను. పోయినావిడ తలకింద గుడ్డ ఇంట్లోకి తెచ్చుకోకూడదండీ అని వాళ్లమ్మాయి చెయ్యి పట్టుకుంది.

"ఊరెళ్లేటప్పుడు ఇస్తానన్నారండీ" అన్నాను. చెయ్యి విడిపించుకుని, ఆ చుట్టలోంచి గలీబు లాగేసుకున్నాను.

ఇప్పుడున్న క్వార్టర్లో కిటికీలు మళ్లీ పెద్దవే. చూశారా మామ్మగారూ, నేను చెప్పలేదూ? గలీబు విప్పి, ఆ గుడ్డని ఒక కర్టెన్ అడుగున అతుకు వేశాను. ఎన్నిసార్లు ఉతికినా కొబ్బరినూనె మరక వదల్లేదు. పెట్టెలన్నీ వచ్చిన వారంలోనే విప్పేశాను. మంచి కంచాల్లోనే తింటున్నాం. ఇదంతా ఆవిడ మాట విని చేసింది కాదు.

పొద్దున్నే ఈ కిటికీకి ఎండ వస్తుంది. గుడ్డ మందం, గదంతా చీకటిగానే ఉంటుంది. అడుగున ఆవిడ తల ఆన్చి ఆన్చి పలచబడిన చోట మాత్రం వెలుతురు దూరి, నేల మీద అరచేతి మేర పడుతుంది.