శేషాచలం మాస్టారి జెండా తనిఖీ

జెండాలో తప్పు పట్టుకోకపోతే శేషాచలం మాస్టారికి అన్నం సయించదు. డ్రాయింగు టీచరుగా రిటైరై ఆరేళ్లయినా, పంద్రాగస్టు తెల్లవారుతూనే సైకిలెక్కి ఊళ్లో ఆఫీసులన్నీ తిరిగేవారు. కాషాయం పైన ఉందా, చక్రంలో ఆకులు ఇరవైనాలుగూ ఉన్నాయా అని చూసేవారు. ఒకసారి బడి గోడ మీది బొమ్మలో ఇరవైమూడే తేలితే, హెడ్మాస్టరుని కాఫీ కూడా తాగనివ్వకుండా మిగిలినది గీయించారు.

మిరపకాయల ధర అడిగినా చరిత్రే చెప్పేవారు.

"మొదట రాట్నం ఉండేదయ్యా. నలభై ఏడు జూలైలో దాని బదులు అశోకచక్రం పెట్టారు."

"క్వింటా ఎంతకి పోయిందండీ?"

"తేదీ ఇరవైరెండు!"

ఇంట్లోనూ అంతే. ఆయన భార్య కనకలక్ష్మి గారు ఓ రోజు నారింజ చీర మీదికి ఆకుపచ్చ రవికె తొడుక్కున్నారు.

"తలకిందులైందే, మార్చుకో" అన్నారీయన.

"ఏది, మీ బుర్రా?" అన్నారావిడ.

ఎనభై ఆరు పంద్రాగస్టున, నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసులో జెండా ఎగరెయ్యడానికి గుంటూరు నుంచి పెద్దాఫీసరు వచ్చారు. మా అటెండరు జక్రయ్య పదకొండేళ్లుగా టెంపరరీ. పర్మినెంటు చేసే కాగితం ఆ ఆఫీసరు సంతకం కోసమే ఆగింది. ఆయన తాడు లాగారు. పూలు రాలాయి. జెండా విచ్చుకుంది, ఆకుపచ్చ పైకి, కాషాయం కిందికి.

"ఎవడయ్యా కట్టింది?"

జక్రయ్య నా వెనక్కి జరిగాడు. "ప్రతి యేడూ మాస్టారు ముందే వచ్చి సరిచేసి పోతారండీ. ఇయ్యాల ఇంకా రాలేదు" అని నా చెవిలో గొణిగాడు. ఇన్నాళ్లూ ఆయన తిరిగేది తప్పులు పట్టడానికేనని నవ్వుకున్నాను. నాకు సిగ్గేసింది.

అంతలో ప్రత్తిపాడు రోడ్డు వైపు నుంచి, పంక్చరైన సైకిలు తోసుకుంటూ మాస్టారు గేట్లోకి వచ్చారు. జెండాను చూశారు. జక్రయ్యని చూశారు. ఇక అయిందే పని అనుకుని అందరం బిగుసుకుపోయాం.

"పొద్దున్నే నేనే కట్టి వెళ్లానండి" అన్నారు మాస్టారు. "కళ్లజోడు మర్చిపోయి వచ్చా."

"మరి మీ ముక్కు మీదున్నదేంటి?"

"ఇది చదువుకోడానికండి."

రిటైరైన మనిషికి మెమో ఇవ్వడం ఎలాగో ఆఫీసరుకి తోచలేదు. "దించి సరిగ్గా కట్టండి" అని ఊరుకున్నారు. మధ్యాహ్నానికి జక్రయ్య కాగితం మీద సంతకం పడింది. మాస్టారు జెండా తిరగేసి కట్టారన్న వార్త మాత్రం ఆ సరికే ఊరంతా తిరిగొచ్చింది.

నేను ఉండబట్టలేక అడిగాను. "జెండా దగ్గర అబద్ధమాడారేంటండీ, మీరు?"

"జెండా సరిచెయ్యడానికి రెండు నిమిషాలు పట్టిందయ్యా. జక్రయ్య ఉద్యోగం పోతే, మళ్లీ ఇప్పించడానికి నీకెన్నేళ్లు పట్టేది?"

అంటూనే, జెండా వందనానికి పంచిన బూందీలో తన పొట్లంతో పాటు నా చేతిలోదీ తీసుకుని, సైకిలు తోసుకుంటూ వెళ్లిపోయారు.