నాలుగు వేళ్ళ నుదురు

రైలు పెనుకొండ చేరేలోపల కృష్ణకాంత్ మూడుసార్లు చోటు మార్చాడు. కిటికీ పక్కన కూర్చుంటే, పక్క నుంచి తెచ్చి దువ్వుకున్న వెంట్రుకలు గాలికి లేచిపోతున్నాయి. దారి వైపు జరిగితే నిలబడినవాళ్ళ చూపు సరిగ్గా నడినెత్తి మీద పడుతోంది. చివరికి తలుపు దగ్గరికి పోయి వీపు గోడకు ఆనించి నిలబడ్డాడు. చేతిలో చుట్టిన కాగితం ఒకటి ఉంది. దాన్ని విప్పుతాడు, చూస్తాడు, మళ్ళీ చుడతాడు.

అతనికి ముప్పై ఎనిమిదేళ్ళు. ధర్మవరంలో పట్టుచీరలకు గ్రాఫు గీస్తాడు. అతను గళ్ళ కాగితం మీద గీసిన హంసను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టలు మగ్గం మీదికెక్కితే హంస చీరలోకి దిగుతుంది. కంప్యూటర్లు వచ్చినా, అంచు మొదట చేత్తో గీస్తేనే అతనికి తృప్తి. వీధిలో పోయే ఆడవాళ్ళ చీరలో ఒక్క గడి తప్పినా ఆగి చూస్తాడు. అందుకు ఒకటి రెండుసార్లు తిట్లు కూడా తిన్నాడు.

ఈ జుట్టు రంధి పట్టుకుని రెండేళ్ళయింది. చీరల ప్రదర్శనలో ఒక పెద్దావిడ అతని భార్య హేమావతితో, "మీ నాయనను అడుగమ్మా, ఇంకొంచెం తగ్గిస్తాడేమో" అంది. హేమావతి నవ్వేసి, "మా ఆయన" అని చెప్పింది. ఆవిడ మాట మరుసటిరోజుకే పాతబడింది. భార్య నవ్వు మాత్రం ఇప్పటికీ అతని చెవిలో ఉంది.

అందుకే పెళ్ళి ఫోటో ముందు పెట్టుకుని, వారం రోజులు కూర్చుని తన నుదుటికి గ్రాఫు గీశాడు. చీర మీది పువ్వు బుటా గీసినట్టే గీశాడు. బుటాకు సగమే గీస్తారు, మిగతా సగం తిప్పి వేసుకుంటారు. ఎడమ వైపు గీసి, కాగితం మడిచి, కుడి వైపు దించాడు. కనుబొమల మధ్య నుంచి మూడు వేళ్ళ ఎత్తున, తీగ లాగినట్టు గీత వచ్చింది.

పెనుకొండలో అక్క పద్మ రైలెక్కింది. తోడు రమ్మని అతనే పిలిచాడు.

"ఏమిరా, బడికి పోయే పిల్లోని మాదిరి కాగితం పట్టుకోనుండావు?"

"నా నుదురక్కా."

"నుదుర్ని చుట్టి చేతిలో పట్టుకున్నోణ్ణి ఇంతవరకూ చూల్లేదప్పా" అంది పద్మ, కూర్చోవడానికి చోటు వెతుక్కుంటూ.

హిందూపురంలో దిగి జుట్టు నాటే ఆసుపత్రికి చేరేసరికి తొమ్మిదయింది. గీత గీసేదీ, వెంట్రుకలు నాటేదీ ఈరోజే. డాక్టరు విశాలాక్షి గ్రాఫును బల్ల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగా గీసినావప్పా. ఇంత చక్కని గీత నాకు రాదు. అయితే ఇది నేను వేయను."

"ఎందుకు మేడం?"

"ఇది పెండ్లికొడుకు గీత. నీకిప్పుడు నలభై దగ్గర పడతాండాది. మీ నాయనకు జుట్టెట్లుండాది?"

కృష్ణకాంత్ చెయ్యి నడినెత్తి మీదికి పోయింది. పద్మే చెప్పింది. "చెవుల మీద ఉండాది మేడం. ఇంక యాడా లేదు."

డాక్టరు నవ్వింది కానీ మాట మెత్తగానే చెప్పింది. "తల వెనక నుంచి తీసి ముందర నాటేది. వెనక ఉండేది కొంచెమే. అదంతా కిందికి దించిన గీతకే వాడేస్తే, రేపు నడినెత్తిన రాలేటప్పుడు నాటేదానికి ఏమీ మిగలదు. ఇంకో మాట. గీత పైన పెడితే తర్వాత కిందికి దించొచ్చు. కింద పెట్టిందాన్ని పైకి జరిపేది చానా కష్టం."

నుదుటి మీద తన నాలుగు వేళ్ళు ఆనించి, ఆ పైన మార్కరుతో గీసింది. కణతల దగ్గర మూలలు వెనక్కి పోయాయి. గీత నేరుగా లేదు, సన్నగా వణికినట్టుంది. ఎడమ వైపు కుడికన్నా గింజంత ఎత్తు.

అద్దంలో చూసుకుని కృష్ణకాంత్ బిత్తరపోయాడు. పని నేర్చుకునేవాడు మొదటిరోజు గీసిన గీతలా ఉంది.

"వంకరగా ఉండాది మేడం."

"ఉండాల. పోయి టిఫను తిని రా. ఏ గీతో తేల్చుకుని వస్తే మత్తు సూది వేస్తా. ఇష్టం లేకపోతే ఈరోజు వద్దు."

నుదుటి గీత కనపడకుండా తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చాడు. వీధి చివరి హోటలు దాకా పోయి, లోపలికి పోకుండా వెనక్కి తిరిగాడు. ఆగివున్న ఆటో అద్దంలో తువ్వాలు జరిపి చూసుకున్నాడు. పద్మ రెక్క పట్టుకుని హోటల్లో కూర్చోబెట్టింది. ఉగ్గాణి వచ్చింది. చెంచాతో బొరుగుల్ని అటూ ఇటూ నెడుతున్నాడే గాని నోట్లో పెట్టుకోవడం లేదు.

"నాలుగు వేళ్ళంటే ఇంకా బట్టతలే కదక్కా. మళ్ళీ ఎవరో ఒకరు హేమతో మీ నాయనా అంటారు."

"అమ్మ పెండ్లి చీర మతికుండాదా?" అంది పద్మ.

అతనికి గుర్తే. రెండేళ్ళ కిందట పెట్టెలో నుంచి తీసి విప్పగానే చీర నడుమంతా మడతల వెంబడి పీలికలైపోయింది. జరీ అంచు మాత్రం నిన్న నేసినట్టు మెరుస్తోంది. అమ్మ అంచు రెండు చేతులతో పట్టుకుని, మధ్యలో ఏమీ లేని దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు నిలబడింది.

"నువ్వడిగేది ఆ అంచే. యాభై ఏండ్లకు నడినెత్తంతా పోయి, ముందర గీతొకటి మిగుల్తాది. అప్పుడు హేమ నవ్వదులే, ఏడుస్తాది." పద్మ మిరపకాయ బజ్జీ విరిచింది. "ఇంకొకటి. సగం గీసి తిప్పి వేసుకునేదానికి మొగమేమన్నా బుటానా? ఆ కౌంటరు కాడుండే ఆయప్పను చూడు."

చూశాడు. ఆయనకు ఒత్తైన జుట్టు. కుడి మూల లోపలికి పోయింది, ఎడమ మూల పోలేదు. కొన్ని చిన్న వెంట్రుకలు గీత దాటి నుదుటి మీదికొచ్చాయి. పక్క బల్ల మీది కుర్రవాడికీ అంతే. నీళ్ళు తెచ్చినాయనకూ అంతే. వరసగా ఏడుగురిని చూశాడు. రెండు వైపులా ఒకే రకంగా ఉన్నవాడు ఒక్కడూ లేడు. ఇన్నేళ్ళూ చీరల మీద గడి తప్పితే కనిపెట్టిన కంటికి ఈ తప్పులు ఎప్పుడూ కనపడలేదు. చూసినవాళ్ళెవరికీ కనపడవు కాబోలు. గ్రాఫు విప్పి మళ్ళీ చూశాడు. గీత బాగుంది. దాన్ని మనిషి నుదుట పెడితే మాత్రం మొలిచినట్టుండదు, గీసినట్టుంటుంది.

ఉగ్గాణి చల్లారిపోయినా తిన్నాడు.

ఆసుపత్రిలో కుర్చీలో కూర్చుని, "మీ గీతే కానీయండి మేడం" అన్నాడు. డాక్టరు చేతి తొడుగులకని పక్క గదికి పోయింది. ఎదురుగా అద్దం ఉంది. బల్ల మీద మార్కరు ఉంది. ఎడమ వైపు గింజంత ఎత్తు అతన్ని గుచ్చుతూనే ఉంది. చెయ్యి దానంతటదే పోయి ఆ ఒక్కచోట కుడికి సమంగా దిద్దింది.

డాక్టరు వచ్చి చూసింది. దూది తడిపి అతను దిద్దినంత మేరా తుడిచి, పాత ఎత్తులోనే తిరిగి గీసింది. మార్కరు మూత పెట్టి పద్మ చేతికిచ్చింది.

"ఇంకేమన్నా దిద్దేదుండాదా అప్పా?"

"లేదు మేడం" అన్నాడు కృష్ణకాంత్. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు.