అన్సెల్మ్ మాస్టారి ఒకే ఒక్క పాఠం

ఎవరు ఏ దారిన వచ్చినా ఇంగ్లీషు చెప్పే అన్సెల్మ్ బుస్కాటెల్ మాస్టారు అడిగే ప్రశ్న ఒక్కటే: "హౌ వజ్ యువర్ ఫ్లైట్?" రెజీన్ కబ్రోల్‌ను మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు ఆయన మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో స్పానర్‌తో, పాత విమానంలోంచి ఊడదీసిన రెండు సీట్లను క్లాసు గది నేలకు బిగిస్తున్నారు. తల కూడా ఎత్తలేదు.

"నేను కింది అంతస్తు నుంచి వచ్చాను," అంది రెజీన్.

"అదే. ఆ ప్రయాణం ఎలా జరిగిందని."

"మెట్లెక్కి వచ్చాను."

"ఆలస్యమైందా? కుదుపులున్నాయా? పక్క సీటాయన గురకపెట్టాడా?"

రెజీన్ కిందికి వంగింది. ఆయన బిగించిన బోల్టు చూసింది. అది సరిగ్గానే బిగిసింది. సీటు గుడ్డ చూసింది. అంచు కుట్టు వంకర. "ఈ కవర్ మా దగ్గర కుట్టింది కాదు," అని చెప్పి మెట్లు దిగిపోయింది. వెనక నుంచి మాస్టారి గొంతు వినబడింది, ఇంగ్లీషులో, క్షేమంగా చేరమని.

తులూజ్ పక్కనున్న కొలొమియేలోని ఆ వర్క్‌షాపులో విమానం సీట్లకు కవర్లు కుడతారు. కుట్టు విభాగానికి రెజీన్ పెద్ద. ఆమె కుట్టిన కవర్ల మీద కూర్చుని జనం సముద్రాలు దాటారు, కాఫీ ఒలకబోశారు, వాళ్ల పిల్లలు వాంతులు చేసుకున్నారు. కుట్టు మాత్రం ఊడలేదు. సొంత ఫ్రెంచిలోనే ఆమె మాటలు పొదుపు. పని బాగుంటే "ఊఁ" అంటుంది. బాగా లేకపోతే ఏమీ అనదు, కూర్చుని విప్పేస్తుంది.

ఆ ఏడాది వర్క్‌షాపును మాంచెస్టర్ వాళ్లెవరో కొన్నారు. కొన్నవాళ్లు ఒక్క కుట్టు కూడా తిరగేసి చూడలేదు. విమాన కంపెనీల పెద్దలు వర్క్‌షాపు చూడటానికి వచ్చినప్పుడు సిబ్బంది వాళ్లతో ఇంగ్లీషులో నాలుగు సరదా మాటలు మాట్లాడగలగాలని మాత్రం కబురు పంపారు. వసంతకాలంలో ఒకాయన వచ్చి ఒక్కొక్కరితో విడిగా కూర్చుని మాట్లాడతాడు, ఆ తర్వాత సిబ్బందిని "సర్దుతారు". సర్దడమంటే ఏమిటో తులూజ్ చుట్టుపక్కల ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"ముప్ఫై ఏళ్లుగా కుడుతున్నా. ఇప్పుడు ఊసుపోక కబుర్లు చెప్పడం రాదని ఇంటికి పంపుతారట," అంది రెజీన్. ఆ వారానికి అదే ఆమె అతి పొడవైన మాట.

"నీకేం కాదులే," అంది గుడ్డ కత్తిరించే బల్ల దగ్గరి ఫాతిహా. "నిన్ను పంపిస్తే ఈ మిషన్లు వాటంతటవే కుడతాయా?"

"వాళ్లకి మిషన్లు కనబడితే కదా."

ఫాతిహాకు భయం లేదు. టీవీ సీరియళ్లు చూసి చూసి ఆమెకు ఇంగ్లీషు దానంతటదే వచ్చేసింది. హత్య ఎలా చేయాలో, శవాన్ని ఎక్కడ దాచాలో కూడా ఇంగ్లీషులో చెప్పగలదు.

మేనేజరు లాబార్త్ అన్సెల్మ్ మాస్టారిని పిలిపించి, ఇంగ్లీషు క్లాసును మధ్యాహ్నం పన్నెండింటికి పెట్టాడు. వర్క్‌షాపు అమ్మేసినప్పుడు నోరు మెదపనివాళ్లు, భోజనం వేళ మీద చెయ్యి పడేసరికి మిషన్లన్నీ ఆపేశారు. ఉద్యోగం పోతే వెతుక్కోవచ్చు, భోజనం చల్లారితే ఎలా? లాబార్త్ దిగివచ్చి, క్లాసును కాఫీ తర్వాతికి మార్చాడు.

మొదటి రోజే మాస్టారికి తులూజ్ వాళ్ల జబ్బు అర్థమైంది. ఆయన దూరదేశం నుంచి వచ్చిన అతిథిలా నటిస్తూ ఒక సీట్లో కూర్చున్నారు. పక్క సీట్లో ఫాతిహా. "హౌ వజ్ యువర్ ఫ్లైట్?" అని అడిగారు. ఫాతిహా చెప్పింది. నిరుడు ఓరాన్ వెళ్లిన విమానం ఎందుకు ఆలస్యమైందో, అందులో తప్పు ఎవరిదో, శాండ్‌విచ్‌లో బ్రెడ్డు ఎప్పటిదో, చీజ్‌ను ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెట్టడం ఎంత పాపమో, ముందు సీటువాడు వెనక్కి వాలినప్పుడు తనేమందో, దానికి వాడేమన్నాడో, ఈ దేశంలో ఫిర్యాదులు ఎవరూ ఎందుకు చదవరో, అన్నీ చెప్పింది. మిగతావాళ్లు ఊరుకున్నారా? బ్రెడ్డు విషయంలో సాక్ష్యం చెప్పారు. చీజ్ విషయంలో రెండు పార్టీలయ్యారు. అతిథిగారు సీట్లోంచి లేచి వెళ్లి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"ఫాతిహా మేడమ్, ఆ పెద్దమనిషి ఊరికే తలుపు తట్టాడు. మీరు చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, అటక దాకా చూపించారు."

"అడిగాడు కదా!"

"తెలుసుకోవాలని కాదు అడిగింది."

"మరెందుకు అడగడం?"

అందరూ బల్లలు చరిచారు. తెలుసుకోవాలని లేకుండా ప్రశ్న అడగడం వాళ్ల లెక్కలో అబద్ధమాడటమే.

మాస్టారు ఓపిగ్గా చెప్పారు. ముందు చిన్న ఫిర్యాదు ఒకటి, అతిథికి తనదే తప్పనిపించనంత చిన్నది. దాని మీద మంచిమాట ఒకటి, పైలట్ మీదో చాయ్ మీదో. ఆ వెంటనే ప్రశ్నను అడిగినవాళ్లకే తిరిగి ఇచ్చెయ్యాలి. "కత్తెర అందించేటప్పుడు పిడి అవతలివాళ్ల వైపు తిప్పి ఇస్తారు కదా, అలాగ. ఇక పని వాళ్లది. మీరు 'అయ్యో', 'నిజంగానా', 'దొరికిందా' అంటే చాలు."

రెజీన్ ఆ క్లాసులో మొదటిసారి "ఊఁ" అంది.

అప్పట్నుంచి మాస్టారి పోరు భరించరానిదైంది. కాఫీ మిషన్ దగ్గర అడిగేవారు. బాత్‌రూం నుంచి బయటికొచ్చినవాళ్లను అడిగేవారు. మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేయడానికి వచ్చినవాడిని అడిగితే, వాడు తనను వేరే ఆఫీసుకు పంపబోయి ఇక్కడికి పంపారేమోనని కాగితాలు రెండుసార్లు చూసుకున్నాడు. శనివారం సంతలో బాతుమాంసం అమ్మే మనిషిని కూడా వదల్లేదు, జవాబు నేర్పి మరీ అడిగారు. "కుదుపులు ఎక్కువ, కానీ చాయ్ వేడిగా ఇచ్చారు. మీ ప్రయాణం ఎలా సాగింది?" అని అతను ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పాడు. జన్మలో విమానం ఎక్కనివాడు. అక్కడే వెనక క్యూలో ఉన్న రెజీన్‌కు సిగ్గేసింది. సంతలో వాడికి వచ్చింది, తనకు ఇంకా నోరు పెగలడం లేదు.

తూర్పు గాలి రోజుల తరబడి వీచి జనానికి తల తిరిగిపోయే కాలం వచ్చింది. పాఠం మాత్రం మారలేదు. రెస్టారెంటు గురించి లేదు, వాతావరణం గురించి లేదు, పిల్లాజెల్లా గురించి లేదు. ఫాతిహాకు విసుగెత్తింది.

"మాస్టారూ, పుస్తకంలో ఇరవై పాఠాలున్నాయి. రెండోది ఏ జన్మలో?"

"మొదటిది ఇంకా అందరికీ కుదరలేదండి."

"నాకు కుదిరింది!"

"అయితే మీరు విమానం దిగండి. రెజీన్ మేడమ్ మీకు ఎదురొస్తారు."

ఫాతిహా సణుగుతూ పాత సీట్లో కూలబడేది. రెజీన్ ఎదురుగా నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులో దర్జీ టేపు నలుపుతూ ఉండేది. 

"అడగవే తల్లీ. నేను దిగి గంటయింది. లగేజీ కూడా వచ్చేసింది," అనేది ఫాతిహా.

పదిసార్లు, ఇరవైసార్లు అదే పని. రెజీన్ దాన్ని కుట్టులాగే పట్టుకుంది. వంకర పోయిన వాక్యాన్ని విప్పి మళ్లీ మొదటినుంచి వేసేది. ఇంట్లో గిన్నెలు తోముతూ గోడనడిగేది. ఇస్త్రీ పెట్టెనడిగేది. ఒళ్లు మండిపోయేది. తన చేతులు చేసిన పని ఒక గిడ్డంగి నిండా ఉంటే, అది కాదని ఈ రెండు ముక్కలకు తన బతుకును కట్టారు.

"ఈ మాస్టారికి ఇంతకు మించి ఇంగ్లీషు రాదు. నేను పందెం," అని ఫాతిహా తేల్చేసింది. అందరూ నమ్మారు. రెజీన్ కూడా నమ్మింది.

వసంతకాలంలో, అన్నట్టే, మాంచెస్టర్ నుంచి ప్రెస్కాట్ అనే ఆయన వచ్చాడు. విమానం ఆలస్యం, పెట్టె రాలేదు, ఎవరిదో అరువు స్వెట్టరు పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. తన వంతు రాగానే రెజీన్ ఆయన గదిలోకి వెళ్లి కూర్చుంది. టేపు బయటే వదిలేసి వచ్చానని అప్పుడు గుర్తొచ్చింది. ఆయన మర్యాదకు, ఎప్పుడైనా విమానంలో తిరుగుతుంటారా, ఆఖరి ప్రయాణం ఎలా జరిగింది అని అడిగాడు.

రెజీన్ నిటారుగా కూర్చుంది. "కాస్త ఆలస్యమైందండి. కానీ సిబ్బంది చాలా మంచివాళ్లు." ఇక్కడ ఆగింది. ఆగి, పిడిని ఆయన వైపు తిప్పింది. "మీ ప్రయాణం ఎలా జరిగింది?"

ప్రెస్కాట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. పొద్దున్నించి ఆ మాట అడిగేవాళ్ల కోసమే చూస్తున్నట్టున్నాడు. పెట్టె లిస్బన్ పోయిందట.

"అయ్యో!" అంది రెజీన్.

అందులో ఆయన భార్య అల్లిన మఫ్లర్ ఉందట. కౌంటర్లో ఉన్న పిల్ల ఆయన ముఖం కూడా చూడలేదట.

"నిజంగానా?"

అంతకుముందు ఏడాది ఇలాగే ఓస్లోలో పోయిందట.

"దొరికిందా?"

దొరికిన కథ చాలా పెద్దది. అది పూర్తయ్యేసరికి రెజీన్‌కు ఇచ్చిన సమయం అయిపోయింది. ఆయన లేచి చెయ్యి కలిపాడు. ఇంత హాయిగా మాట్లాడే మనిషిని ఈ మధ్య చూడలేదన్నాడు. బయటికొచ్చిన రెజీన్ ఆ మాట చెబితే, కుట్టు విభాగమంతా మిషన్ల మీద తలలు వాల్చి నవ్వింది. రెజీన్ తర్వాత వెళ్లినవాళ్లకు కూడా లిస్బన్ వచ్చింది, ఓస్లో వచ్చింది. ఒక్కరు కూడా తడబడలేదు. ఫాతిహా ఒక్కతే హత్యల దాకా వెళ్లబోయి, మాస్టారి మాట గుర్తొచ్చి 'అయ్యో' దగ్గర ఆగింది.

రెండు రోజుల తర్వాత రెజీన్ కొత్త గుడ్డ నమూనా పట్టుకుని లాబార్త్ గదికి వెళ్లింది. తలుపు ఓరగా ఉంది. లోపల మాస్టారు నిలబడి ఉన్నారు.

"అందరూ ఒకేలా మాట్లాడారట. అందరూ బాగున్నారని రాసి పంపాడాయన," అంటున్నాడు లాబార్త్. "ఇప్పుడు నేను తీసెయ్యమని ఎవరి పేర్లు పంపాలి? ఇరవై పాఠాలు చెప్పమంటే ఒక్కటి చెబుతారా?"

"ఒక్కటేనండి."

"మీకు మిగతావి రావా?"

"వస్తాయి. మొదటి వారంలో నన్ను పిలిచి, వెనకబడేవాళ్లెవరో చెవిన వెయ్యమన్నారు, గుర్తుందా? ఆ రోజే మిగతా పాఠాలు మూసేశాను. రెండోది మొదలుపెడితే ఫాతిహా ఉరుకుతుంది, రెజీన్ ఆగిపోతుంది. అప్పుడు మీక్కావలసిన పేరు నా క్లాసులోనే దొరుకుతుంది. ఒక్క పాఠమైతే ఎవరైనా చేరుకోగలరు."

లాబార్త్ ఎదురుగా ఉన్న ఫైలు మూసేశాడు. "ఇక మీరు రానక్కర్లేదు. ఇంగ్లీషు కాకపోతే మాంచెస్టర్ వాళ్లకు ఇంకోటి దొరుకుతుంది. ఎంత కాలం ఆపుతారు?"

"ఎంతో కాలం ఆపలేను. ఆ ఇంకోదానికి ఇంకో మాస్టారిని చూసుకోండి."

రెజీన్ నమూనా చూపించకుండానే తిరిగొచ్చింది. విన్నదంతా ఫాతిహాకు చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది, ఆమెకు అలవాటు లేని పని.

ఫాతిహా కత్తెర పక్కన పెట్టింది. "ముసలాడు! నాకు సాయంత్రాలు విడిగా చెప్పి ఉండొచ్చుగా? నన్నెందుకు అన్నిసార్లు ఆ కుళ్లు విమానం దింపడం?" అంటూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత తనే నవ్వేసింది.

"వచ్చే ఏడాదికి ఏం చేస్తారో," అంది రెజీన్.

"ఏదో ఒకటి చేస్తారు. ఈ ఏడాది మాత్రం కుదర్లేదు వెధవలకి."

సాయంత్రం మాస్టారు మెట్లు దిగుతుండగా సంచీ పట్టీ పుటుక్కున తెగింది. పుస్తకాలన్నీ కుట్టు విభాగం గుమ్మం దాకా దొర్లాయి. ఆయన వంగి ఏరుకుంటుంటే రెజీన్ వచ్చి, అడక్కుండానే ఖాళీ సంచీ తీసుకుంది. మిషన్ ముందు కూర్చుంది. బీరువాలోంచి అన్నిటికన్నా గట్టి దారం తీసింది. తెగిన కొస కత్తిరించి, లోపలికి మడిచి, చదరంగా కుట్టి, చదరం మధ్యలో అడ్డంగా రెండు గీతలు వేసింది. ఒక పట్టీయే తెగినా రెండోదానికీ అలాగే వేసింది. దారం కొస కత్తిరించి, సంచీని కొక్కేనికి తగిలించి, రెండు చేతులతో పట్టుకుని బరువంతా వేసి వేలాడింది. పట్టీ కదల్లేదు.

ఫాతిహా పుస్తకాలు లోపల సర్దింది. మాస్టారు ఏదో అనబోయారు.

"ఇప్పుడేం మాట్లాడకండి, మీ బస్సు వెళ్లిపోతుంది," అని రెజీన్ సంచీని ఆయన చేతిలో పెట్టింది.