అడిగి చెప్త

జర్మనీలోని వాల్డార్ఫ్‌లో మా పక్క ఫ్లాట్‌లో ఉండే వరంగల్ ఆయన్ని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం. ఏం అడిగినా ముందు గడియారం చూసుకునేవాడు. హైదరాబాద్‌లో టైమెంతో మనసులో లెక్కేసుకుని, "అడిగి చెప్త" అనేవాడు. అడిగేది వదినని. తన తమ్ముడి పెళ్లికి వెళ్లిన వదిన, లాక్‌డౌన్‌తో విమానాలు ఆగిపోయి అక్కడే ఉండిపోయింది. ఇక్కడ ఏ బియ్యం కొనాలన్నా ఆమెకు ఫోన్ వెళ్లాల్సిందే.

ఆమె వచ్చేసరికి ఉండాలని అన్న రెండు సీట్ల సెకండ్‌హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నాడు. వారం తిరక్కుండా, ఆమె కూర్చోబోయే వైపు వెనక టైరులో స్క్రూ దిగింది. అన్నకు జర్మన్ రాదు కనుక వర్క్‌షాప్‌కి నేనూ వెళ్లాను. ప్యాచ్ వేయొచ్చుగానీ ఆటోబాన్ హైవే మీద వేగంగా నడపకూడదన్నాడు మెకానిక్. అన్న వెంటనే ఫోన్ తీశాడు.

"ప్యాచ్ గీచ్ వద్దు. ఎయిర్‌పోర్ట్ నుంచి నన్ను దాంట్లనే తెస్తవ్ గదా, కొత్తదెయ్యమను" అంది వదిన.

లాక్‌డౌన్‌లో ఆ సైజు టైరు రావడం ఆలస్యమైంది. అది వచ్చేలోపే కరోనా వదినని తీసుకుపోయింది. అంత్యక్రియలు కూడా అన్న ఫోన్‌లోనే చూశాడు.

టైరు వచ్చిందని కబురొస్తే మళ్లీ ఇద్దరం వెళ్లాం. రెండోవైపు టైరు అరిగిపోయింది, రెండూ మార్చేయమంటారా అని మెకానిక్ అడిగాడు. అదే అన్నకు తెలుగులో చెప్పాను.

అన్న గడియారం చూసుకున్నాడు.

"అక్కడిప్పుడు రెండున్నర. తిని పండుకొని ఉంటది. లేచినంక అడిగి చెప్త."

మెకానిక్ నా వైపు చూశాడు.

రేపు చెప్తారట, అన్నాను జర్మన్‌లో.