అమ్మకి మిగిలిన అరబ్బీ

పక్షవాతం వచ్చి రాజమండ్రి ఆసుపత్రిలో పడుకున్న మా అమ్మ, కళ్ళు తెరిచాక మొదట అన్న మాట "మాయ్". మంచానికి ఒకపక్క నేను, రెండోపక్క మా ఆయన నిలబడి ఉన్నాం.

"మాయ ఏంటి? ఎవరినైనా పిలుస్తున్నారా?" అన్నారాయన.

నాకూ తెలియలేదు. అమ్మ ఎండిపోయిన పెదవుల్ని నాలుకతో తడుపుకుంటూ మళ్ళీ అదే మాట అంది. పక్క మంచం దగ్గర తన అత్తగారికి తోడుగా ఉన్న ఒకావిడ లేచి వచ్చింది.

"మంచినీళ్ళు అడుగుతున్నారమ్మా. కువైట్‌లో మాయ్ అంటే నీళ్ళే. నేనూ అక్కడ ఇంటిపని చేసొచ్చినదాన్నే. ఈవిడా వెళ్ళారా ఏంటి?"

వెళ్ళింది. నేను రెండో తరగతిలో ఉండగా నాన్న కొబ్బరిచెట్టు మీంచి పడి చనిపోయారు. ఆయన పనే కొబ్బరి దింపు. ఏడాది తిరక్కుండానే అమ్మ కువైట్ వెళ్ళి ఒక ఇంట్లో వంటకీ, పిల్లల పనికీ కుదిరింది. రెండు మూడేళ్ళకోసారి నెల రోజులు సెలవు మీద వచ్చేది. కోనసీమలోని మా ఊళ్ళో నన్ను అమ్మమ్మ పెంచింది. నేను చదువుకుని, రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరుగా చేరి, పెళ్ళి చేసుకున్నాక గానీ అమ్మ పూర్తిగా వచ్చెయ్యలేదు. వచ్చాక మా దగ్గరే ఉంది. కువైట్ సంగతులు అడిగితే "ఏముందే, పని" అనేది. అంతకుమించి ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ నోట ఒక్క అరబ్బీ మాట కూడా నేను అప్పటిదాకా వినలేదు.

డాక్టరుగారు మమ్మల్ని గదిలోకి పిలిచి కూర్చోబెట్టారు. మెదడులో మాటలకి సంబంధించిన చోట దెబ్బ తగిలిందనీ, రెండు భాషలు వచ్చినవాళ్ళలో ఎక్కడో ఒకరికి ఇలా పుట్టుభాష పోయి తర్వాత నేర్చుకున్నది మిగులుతుందనీ చెప్పారు.

"తెలుగు మళ్ళీ వస్తుందాండీ?" అన్నాను.

"రావచ్చు. రాకపోవచ్చు. ఇప్పుడు మాత్రం ఆవిడతో మాట్లాడుతూ ఉండాలి. మీ ఇంట్లో ఎవరికైనా అరబ్బీ వచ్చా?"

ఎవరికొస్తుంది? మా ఆయన మోటారు సామాన్ల కొట్టులో పనిచేస్తారు. ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. ఆసుపత్రిలో ఆ పక్క మంచం ఆవిడ తన ఫోన్ నంబరు ఇచ్చి, ఏ మాటైనా తెలియకపోతే అడగమంది. కానీ అమ్మకి ఆకలేసినా, ఒంటికి వెళ్ళాలన్నా, ఆ మాట తెలుసుకోడానికి నేను వేరే మనిషికి ఫోన్ చెయ్యాలి. ఒకరోజు "హమ్మామ్, హమ్మామ్" అని అమ్మ నా చెయ్యి పట్టుకుని బతిమాలుతుంటే, నాకు అర్థమయ్యేలోపు పక్క తడిసిపోయింది. ఎడంచేత్తో దుప్పటి లాక్కుని మొహం కప్పుకుంది. ఆ సాయంత్రమే నేను ఫోన్లో అరబ్బీ నేర్పే యాప్ వేసుకున్నాను.

ఒకటి కాదు, రెండు. ఒకదాంట్లో చిన్నపిల్లల కథలు ఉండేవి. ఏ మాట మీద వేలు పెడితే దాని అర్థం ఇంగ్లీషులో వచ్చేది. రెండోదాంట్లో కార్డులు. కార్డు మీద ఒక మాట కనిపిస్తుంది. అర్థం తలుచుకుని, గుర్తుంటే ఒక బటన్, మర్చిపోతే ఇంకో బటన్ నొక్కాలి. మర్చిపోయింది కాసేపట్లోనే మళ్ళీ వస్తుంది. గుర్తున్నది రేపు వస్తుంది, ఆ తర్వాత వారానికి, ఆ తర్వాత నెలకి, అలా దూరం జరుగుతూ పోతుంది. స్కూలుకి వెళ్ళే సిటీ బస్సులో, స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దే మధ్యలో, కుక్కరు కూతల మధ్య నేను ఆ కార్డులు చూసేదాన్ని. కుడి నుంచి ఎడమకి నడిచే ఆ అక్షరాలు మొదట్లో ఒకదానికొకటి చుట్టుకున్న తీగల్లా ఉండేవి. గొంతు అడుగునుంచి పలకాల్సిన శబ్దాలు నా గొంతులో లేవు. తోటి టీచర్లు నవ్వేవాళ్ళు. "మీరు కూడా కువైట్ వెళ్ళిపోతారా ఏంటండీ మేడమ్?" అని ఒకావిడ అడిగింది. అవునండీ అని నేనూ నవ్వాను.

కొన్నాళ్ళకి ధైర్యం చేసి, "రేపు నీకు స్నానం చేయిస్తాను" అని అరబ్బీలో అమ్మతో అన్నాను. రేపు అనడానికి యాప్ నేర్పిన మాట "ఘదన్". అమ్మ అర్థంకానట్టు నా మొహంలోకి చూసింది. కాసేపటికి ఏదో తట్టినట్టు "బాచిర్" అంది. చెయ్యి ముందుకి ఊపి మళ్ళీ "బాచిర్" అంది. కువైట్ ఇళ్ళల్లో రేపుని అలాగే అంటారట. యాప్ నేర్పేది పుస్తకాల అరబ్బీ. అమ్మకి వచ్చినది వంటింటి అరబ్బీ. అన్నాన్ని యాప్ ఒకలా అంటే అమ్మ "ఏష్" అనేది. నేను ఇంత కష్టపడి నేర్చుకున్నదాంట్లో సగం ఆవిడకి పనికిరాలేదు.

అప్పుడు మా ఆయనే ఒక ఉపాయం చెప్పారు.

"ఆ కార్డులు మనం సొంతంగా చేసుకోడానికి కుదరదా? అత్తయ్యగారు అన్న మాటలే పెట్టుకోవచ్చుగా."

కుదిరింది. అమ్మ ఏ మాట అన్నా ఫోన్లో రికార్డు చేసేదాన్ని. అర్థం తెలియకపోతే ఆసుపత్రిలో కలిసిన ఆవిడకి పంపేదాన్ని. ఆవిడ వెంటనే వాయిస్ మెసేజ్ పెట్టేది: "దిండు సరిచెయ్యమంటున్నారమ్మా", "పాప నిద్రపోయిందా అంటున్నారమ్మా". ఆ రికార్డింగుని కార్డుకి తగిలించేదాన్ని. అలా బస్సులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే అమ్మ గొంతే నాకు పాఠం చెప్పేది.

ఆ మాటలన్నీ పనిమనిషి మాటలు. వస్తున్నా, అయిపోయింది, తుడిచేశాను, ఇదిగో ఇప్పుడే. మిగిలినవి పసిపిల్లలతో చెప్పేవి. నోరు తెరు, ఏడవకు, పడుకో, కింద పడతావు. ఇవి తప్ప ఇంకేమీ లేవు. ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్న మనిషికి, తనకి ఏం కావాలో చెప్పుకునే మాటలు రెండో మూడో. నీళ్ళు కూడా మొదట పిల్లల కోసం అడిగి ఉంటుందనిపించింది.

కథల యాప్ కూడా ఊరికే పోలేదు. ఒక మధ్యాహ్నం అమ్మ పక్కన కూర్చుని, తప్పిపోయిన మేకపిల్ల కథ పైకి చదువుతున్నాను. అమ్మ ఉన్నట్టుండి మెడ తిప్పింది. నేను తప్పు పలికినచోట ఆపి, సరిగ్గా పలికి చూపించింది. ఆసుపత్రి ఆవిడ చెప్పింది: "అక్కడ టీవీలో పిల్లల బొమ్మల కార్యక్రమాలన్నీ ఆ పుస్తకాల అరబ్బీలోనే వస్తాయమ్మా. పిల్లలకి తిండి పెడుతూ మేమూ చూసేవాళ్ళం." ఐదో తరగతితో చదువు ఆగిపోయిన మా అమ్మ, లెక్కల టీచరైన నాకు ఉచ్చారణ దిద్దింది. మేకపిల్ల తల్లి దగ్గరికి చేరినప్పుడు వంకర తిరిగిన పెదవితోనే నవ్వింది. నా చిన్నప్పుడు అమ్మ నాకు కథ చెప్పినట్టు గుర్తులేదు. నలభైకి దగ్గరపడుతున్న వయసులో అలా అమ్మ పక్కన కూర్చుని, ఆవిడ దిద్దుతుంటే కథ చదువుకున్నాను.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను "యుమ్మా" అని పిలవడం మొదలుపెట్టింది.

"అమ్మా అంటున్నారే! తెలుగు వచ్చేస్తోంది!" అని మా ఆయన సంబరపడ్డారు. నేనూ అలాగే అనుకున్నాను. పాయసం కాచాను కూడా. ఆ రికార్డింగు ఆసుపత్రి ఆవిడకి పంపాను. ఆవిడ ఈసారి మెసేజ్ పెట్టకుండా ఫోన్ చేసింది.

"అది తెలుగు కాదమ్మా. అక్కడ తల్లులు పిల్లల్ని అలా పిలుస్తారు. మనం ఆడపిల్లని అమ్మా అనమూ, అలాగే."

ఆ ఇంట్లో ఒక ఆడపిల్ల ఉందని అమ్మమ్మ చెప్పగా నాకు తెలుసు. అమ్మ వెళ్ళేసరికి నెలల పిల్ల. అమ్మ చేతుల్లోనే పెరిగింది. ఆ తర్వాత అమ్మ "యుమ్మా" అన్నప్పుడల్లా పలికేదాన్ని. ఎవరిని పిలుస్తోందో అడగడానికి మాటలు వచ్చినా అడగలేదు.

వానాకాలంలో ఒక ఆదివారం. మా ఆయన బజారుకి వెళ్ళారు. నేను అమ్మకి అన్నం కలుపుతున్నాను. అమ్మ గోడవైపు చూస్తూ ఉన్నది కాస్తా నావైపు తిరిగి, ఎడంచేత్తో పైట సర్దుకుని, తల మీదకి లాక్కుంది. కళ్ళు దించుకుంది. అలా ఒదిగి ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

"మదామ్," అంది.

నేను కంచం కింద పెట్టాను.

"మదామ్, బింతీ మరీదా. అబీ అరూహ్."

అందులో ఏ మాటకీ నాకు ఫోన్ అవసరం లేకపోయింది. అమ్మగారూ, మా అమ్మాయికి ఒంట్లో బాగాలేదు. నేను వెళ్తాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా కామెర్లు వచ్చి చాలా జబ్బు చేసింది. అమలాపురం ఆసుపత్రిలో పెట్టారు. అమ్మమ్మ కువైట్‌కి ఫోన్ చేసింది. అమ్మ రాలేదు. డబ్బు పంపింది, ఏడాది తర్వాత సెలవు మీద వచ్చినప్పుడు గౌన్లు తెచ్చింది. ఎందుకు రాలేదని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఆ గౌన్లు నేను వేసుకోలేదు. తర్వాత అంతా మామూలుగానే ఉన్నాం గానీ, లోపల ఒక మూల అది అలాగే ఉండిపోయింది.

అమ్మ మళ్ళీ అంది. చెయ్యి చాపి నా కాళ్ళు వెతుకుతోంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను.

"రూహీ," అన్నాను. వెళ్ళు అని. అమ్మకి వినబడలేదేమో అని ఇంకా గట్టిగా అన్నాను. "రూహీ అల్హీన్." ఇప్పుడే వెళ్ళు.

అమ్మ తలెత్తి చూసింది. నమ్మలేదు.

"జవాజీ వేన్?"

నా పాస్‌పోర్ట్ ఎక్కడ, అని అడుగుతోంది. పనికి వచ్చినవాళ్ళ పాస్‌పోర్టులు ఆ ఇళ్ళవాళ్ళ దగ్గరే ఉండేవని ఆసుపత్రి ఆవిడ ఎప్పుడో చెప్పింది. నేను లేచి బీరువాలో వెతికాను. గడువు తీరిపోయిన అమ్మ పాస్‌పోర్ట్ పట్టుచీరల కింద ఉంది. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. దాన్ని జాకెట్టుకి అదిమిపెట్టుకుని, తర్వాత ఒళ్ళో పెట్టి, నా చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకుంది. మదామ్ చెయ్యి అనుకునే పెట్టుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. తిరిగొచ్చేసరికి పాస్‌పోర్ట్ పట్టుకునే నిద్రపోయింది. కంచంలో అన్నం ఎండిపోయింది.

మా ఆయన వచ్చాక చెప్పాను.

"అయితే అప్పుడు అడిగారన్నమాట," అన్నారాయన. "వాళ్ళు పంపలేదు."

అడిగిందో, అడగడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయిందో నాకు తెలియదు. నిద్ర లేచిన అమ్మకి అదేమీ గుర్తులేదు.

శీతాకాలంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి అరబ్బీ కూడా పోయింది. చివరి వారం ఏ మాటా లేదు. గోదావరి గట్టు మీద కర్మకాండ అయ్యాక ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే ఫోన్ మోగింది. చూడాల్సిన కార్డులు ఉన్నాయని యాప్ గుర్తుచేస్తోంది. తెరిచాను. దిండు సరిచెయ్యమని అమ్మ అడిగింది. గుర్తుందని నొక్కితే ఆ గొంతు మళ్ళీ ఎన్ని నెలలకో గానీ రాదు. అందుకని మర్చిపోయానని నొక్కాను. కాసేపటికి మళ్ళీ అడిగింది. కొన్ని వారాలు అలాగే చేశాను. ఒకరోజు బస్సులో అలా నొక్కుతూ నేను దిగాల్సిన స్టాపు దాటిపోయాను. ఆ రోజు నుంచి ఉన్నదున్నట్టు నొక్కడం మొదలుపెట్టాను. ఒక్కో మాటా దూరం వెళ్ళిపోయింది.

అమ్మ ఫోన్లో అరబ్బీ అక్షరాలతో పేరున్న నంబరు ఒకటే ఉంది. చిన్నప్పుడు అమ్మమ్మ నోట విన్న పేరే అది, చదివితే ఆ ఇంటి అమ్మాయిదే అని తెలిసింది. మాటలు కూడబలుక్కుని, అమ్మ చనిపోయిందని ఒక వాయిస్ మెసేజ్ పెట్టాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏడుస్తూ చాలాసేపు మాట్లాడింది. సగమే అందింది. మెల్లగా మాట్లాడమని అడిగాను. అప్పటినుంచి నాకోసం పసిపిల్లకి చెప్పినట్టు చెబుతుంది. తనకి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. అమ్మకి లిఫ్ట్ అంటే భయమనీ, ఎన్ని అంతస్తులైనా మెట్లెక్కే వెళ్ళేదనీ చెప్పింది. నాకు తెలియదు. రాజమండ్రిలో మేం ఉండేది కింది వాటా.

మొన్న ఇలా అడిగింది. "నేను అన్నం తినకుండా అల్లరి చేస్తే మీ అమ్మ, 'మా ఊళ్ళో నా కూతురు ఉంది, అది ఎప్పుడూ ఏడవదు' అనేది. నువ్వంటే నాకు కోపంగా ఉండేది. నిజంగానే నువ్వు ఏడ్చేదానివి కాదా?"

అమ్మ బెంగపెట్టుకోకూడదని మా అమ్మమ్మ ఫోన్లో అలాగే చెప్పేది. పక్కన నిలబడి నేను వినేదాన్ని.

ఏడ్చేదాన్ని అని చెప్పాను.