మా చెల్లె కాలు, కమిటీ వాయిదాలు

మా చెల్లె కేసు ఆలస్యమైంది తెలివి లేకనేనని ఆర్మూరులో చాలామంది అంటారు. బస్టాండులో అంటారు, మా గల్లీలో అంటారు. "పాపం, తెల్వక ఊకున్నరు" అని జాలి కూడా పడతారు. ఆ జాలి నాకొద్దు. మేము ఊరుకోలేదు. మమ్మల్ని ఊరుకోబెట్టారు.

చెల్లెను ఇచ్చిన ఊరు భీమ్‌గల్ దారిలో ఉంటుంది. పసుపు ఉడకబెట్టే రోజులవి. కల్లం దగ్గర కొమ్ములు ఏరి ఇంటికి పోతుంటే, బస్తాలు ఎత్తుకోవడానికి వచ్చిన ట్రాక్టరు ఊరి రోడ్డు మీద రివర్సు తీసుకుంది. నడిపేవాడు వెనక్కి చూడలేదు. ట్రాలీ చక్రం చెల్లె కుడి కాలి మీదుగా పోయింది.

ట్రాక్టరు ఆ ఊళ్ళో అందరూ పటేల్ అని పిలిచే పెద్ద రైతుది. ఆయనే తన కారులో నిజామాబాద్ దవాఖానకు తీసుకుపోయాడు, ఆపరేషన్ ఖర్చు పెట్టుకున్నాడు. కాదనను. కానీ ఆ దవాఖాన వరండాలోనే చెల్లె మొగుడు, మా మరిది, భుజం మీద చెయ్యేసి చెప్పాడు: "తమ్మీ, ఠాణా గీణా వద్దు. కమిటీల తెంపుకుందాం."

మా వైపు సంగతి తెలియని వాళ్ళకు చెప్పాలి. ఇక్కడ ఊరికో అభివృద్ధి కమిటీ ఉంటుంది. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. పొలం గట్టు తగాదా నుంచి మొగుడూ పెళ్ళాల పంచాయితీ దాకా అన్నీ అక్కడే. చెల్లె ఊళ్ళోనైతే కమిటీని దాటి పోలీసుల దగ్గరికి పోయిన ఇంటితో ఎవరూ మాట్లాడరు. కిరాణా కొట్టువాడు ఉప్పు కూడా అమ్మడు. మా మరిది పిరికివాడని నేను అనను. ఆయన ఆ ఊళ్ళోనే బతకాలి.

నేను మాత్రం బస్సెక్కి పోయి కమిటీ ముందు నిలబడ్డాను.

"పెద్దన్నా, రిపోర్టు ఇయ్యనియ్యుండ్రి. ట్రాక్టరుకు ఇన్సూరెన్స్ ఉంటది, గాళ్ళిస్తరు. పటేల్ జేబులకెంచి ఏం పోదు."

కమిటీ అధ్యక్షుడు నవ్వాడు. "డిగ్రీ సదివినవ్ గద బిడ్డా, జర ఓపిక పట్టు. కాలు మానితెనే గద నష్టమెంతో ఎరికయ్యేది?"

"కాలు మానేదాంక చట్టం ఆగుతదా?"

"అబ్బో, వకీలమ్మ వచ్చింది! కుర్సీ ఎయ్యుండ్రి!" అన్నాడు పక్కాయన. అందరూ నవ్వారు. "వదినా, నీ కాళ్ళు మొక్కుత, ఊకో" అన్నాడు మా మరిది నాకు మాత్రమే వినబడేలా.

కల్లాల మీద పసుపు లేవనియ్యమన్నారు మొదట. పసుపు మార్కెట్‌కు పోయింది. తర్వాత ఊళ్ళో పెళ్ళిళ్ళన్నారు. ఆ తర్వాత కొత్త విత్తనం పడాలన్నారు. వానలు మొదలయ్యాయి. ఈ లోపల చెల్లె కాలు చీము పట్టింది, మళ్ళీ కోశారు, చీలమండ కట్టెలా బిగుసుకుపోయింది. గొంతుక్కూర్చోలేదు. పసుపు చేనులో కలుపు తీయాలన్నా, కల్లంలో కొమ్ములు ఏరాలన్నా గొంతుక్కూర్చోవాల్సిందే. ఆ పని తప్ప దానికి ఇంకో పని రాదు.

ఏడో నెలలో కమిటీ చివరికి కూర్చున్నప్పుడు ట్రాక్టరు పటేల్ లేచి, "దవాఖాన ఖర్చంత నేనే పెట్టిన. ఇంకేం జెయ్యాలె? ఆమెనే సూస్కోకుంట నడిసింది" అన్నాడు. అధ్యక్షుడు తలూపాడు. అదే తీర్పు.

మర్నాడు మరిదిని వెంటబెట్టుకుని నిజామాబాద్‌లో ఒక వకీలు దగ్గరికి పోయాను. ఆయన ముందుగా అడిగింది ప్రమాదం తేదీ. చెప్పగానే కలం కింద పెట్టాడు.

"బండి ప్రమాదంల పరిహారం అడగాలంటె ఆర్నెల్లల్ల ట్రిబ్యునల్‌ల దరఖాస్తు వెయ్యాలమ్మా. దెబ్బ తగిలిన దినం నుంచే లెక్క. కాలు మానిన దినం నుంచి కాదు. పంచాయితీ అయిన దినం నుంచి అసలే కాదు."

"పోలీసు రిపోర్టు లేకుంట ఎట్ల వేస్తుంటిమి సార్?"

"రిపోర్టు ఉంటె బలం. కని లేకున్నా వెయ్యొచ్చు. దవాఖాన కాగితాలున్నయి, సూసినోళ్ళున్నరు. ముందుగాల వెయ్యాలె, మిగిలినయి ఎనుక తెచ్చి పెట్టుకోవాలె."

ఇంత చిన్న మాట! ముందు వెయ్యి, తర్వాత తెచ్చి పెట్టు. నేను చదివిన చదువులో ఈ ముక్క ఎక్కడా లేదు. ఇది చదివేవాళ్ళయినా గుర్తుపెట్టుకోండి. గాయం మానే వరకు ఆగమని ఎంత ప్రేమగా చెప్పినా ఆగకండి.

"ఈ ఆర్నెల్ల గడువు న్యాయమేనా అని పెద్ద కోర్టుల కొట్లాట నడుస్తున్నది" అన్నాడు వకీలు. "ఆలస్యమెందుకైందో రాసి వేద్దాం. తీసుకుంటరో లేదో నేను జెప్పలేను." కాగితాలు సర్దుతూ ఊరి పేరు మళ్ళీ చూశాడు. "మీ ఊరికెంచి పోయినేడు ఒకాయన వచ్చిండు గద, మీ కమిటీ అధ్యక్షుడే. కొడుకును కారు గుద్దిందని. పోరడు ఇంకా మంచంల ఉండంగనే ఉరికొచ్చిండు. గట్ల రావాలె."

మా మరిది నేల చూపులు చూశాడు. "ఆయననేనా సార్?" అని నేను రెండుసార్లు అడిగాను.

దరఖాస్తు వేశాం. ఠాణాకూ పోయాం. "గిన్ని నెలలు ఏం జేసిన్రు?" అని అక్కడ కసిరారు. ఊరు అన్నంత పనీ చేసింది. ఇప్పుడు చెల్లె ఇంటికి ఉప్పూ నూనే ఆర్మూరు నుంచి నేనే మోసుకుపోతున్నాను. నేను పోయేసరికి అది గడపలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాలు ముందుకు చాపుకుని ఉంటుంది. ఎదురుగా ఆడవాళ్ళు చేలకు పోతుంటారు. ఒక్కరూ పలకరించరు.

"అక్కా, కేసు తీసుకుంటరంటవా?"

"తీసుకుంటరు."

"తీసుకోకుంటె?"

సంచీలోంచి సామాను తీస్తూ ఉంటాను.

ఒకసారి అధ్యక్షుడి ఇంటి ముందుకు పోయి నిలదీశాను. "కోర్టుల ఏసిన్రు గద, గక్కడనే అడుగు బిడ్డా" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు. కోర్టు ఆయన్ని ఈ మాట అడగదు. అందుకే నేను అడుగుతున్నాను: కొడుకు మంచం మీద ఉండగానే వకీలు దగ్గరికి పరుగెత్తిన మనిషి, మా చెల్లెను మాత్రం కాలు మానేదాకా ఆగమని ఎందుకు చెప్పాడు?