బర్మా అక్క ఓటు

మొన్న సాయంత్రం తిరువళ్ళూరు స్టేషన్ బయట వేయించిన ఉల్లి, వెల్లుల్లి, చింతపులుసు కలిసిన వాసన తగిలి ఆగిపోయాను. తోపుడుబండి మీద ఒకతను ‘అత్తో’ కలుపుతున్నాడు. లావు నూడుల్స్‌ను చేత్తో కలిపి ఇచ్చే ఆ బర్మా తిండి ఇప్పుడు ఇక్కడి కాలేజీ పిల్లలకు అలవాటైపోయింది. నేను దాన్ని మొదట తిన్నది డెబ్బైల చివర్లో, తిరుత్తణిలో, మా ఇంటి వీధి గదిలో అద్దెకున్న అప్పలనర్సమ్మ చేతి నుంచి. ఊళ్ళో అందరూ ఆమెను బర్మా అక్క అనేవారు.

ఆమె పుట్టింది రంగూన్‌లో. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి రేవులో మూటలు మోయడానికి పోయి అక్కడే ఉండిపోయాడు. బయటివాళ్ళకు అక్కడ బతుకు లేదని తేలిపోయాక ఆమె భర్తతో ఓడెక్కి మద్రాసులో దిగింది. రెండేళ్ళకే భర్త జ్వరంతో పోయాడు. తిరుత్తణిలో తెలుగు వినిపిస్తుందని ఎవరో చెబితే కుట్టుపని నమ్ముకుని ఇటు వచ్చింది. పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నాకు ఆమె కుట్టు నేర్పింది. కుట్టు వంకర పోతే మొత్తం విప్పించేది. "గుడ్డ మనది కాదమ్మా, ఒకరు నమ్మి ఇచ్చినది" అనేది. ఆమె తెలుగు విని మేం నవ్వేవాళ్ళం, మా తెలుగు విని ఆమె నవ్వేది. కిటికీని జన్నల్ అనడం అరవమని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

ఒక ఏడాది ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చినవాళ్ళు ఆమె గది దాటి వెళ్ళిపోయారు. ఓడ దిగినప్పుడు ఇచ్చిన కాగితాలు పట్టుకుని ఆమె తాలూకాఫీసుకు వెళ్ళింది. తెలుగు మనిషివైతే ఆంధ్రాకు పో అన్నాడట అక్కడి గుమాస్తా. కాదంటే ఇంటి యజమాని వచ్చి సంతకం పెట్టాలన్నాడు. మా నాన్న ఒప్పుకోలేదు. అద్దెకున్నవాళ్ళ పేరు సర్కారు పుస్తకంలోకి ఎక్కితే గది మళ్ళీ మన చేతికి రాదని ఆయన భయం. ఆ మాట ఆమె ముఖం మీదే చెప్పాడు.

ఆమె కోపపడలేదు. గడప బయటే నిలబడి, మీరు ఈ ఊరివారేనా అని అడిగింది.

"రాయల కాలం నుంచి ఇక్కడే ఉండాం" అన్నాడు నాన్న. ఆ మాట చెప్పడమంటే ఆయనకు గొప్ప. "నేను పుట్టినప్పుడు మద్రాసన్నారు, ఆనక ఆంధ్రా అన్నారు, మళ్ళా మద్రాసులోనే కలిపినారు. మేం మాత్రం యాడికీ పోలే."

"మీరు కదలకుండానే రాష్ట్రం మారిపోనాది బాబుగారూ. నాను పుట్టిన కాడ నన్ను ఇండియా మనిషన్నారు. ఇక్కడికొస్తే బర్మా మనిషంటన్నారు. నన్ను ఏటని రాయించుకోమంటారు, మీరే సెప్పండి."

నాన్న లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట సరిగ్గా అన్నం తినలేదు. మర్నాడు పొద్దున ఉతికిన పంచె కట్టుకుని వచ్చి, "పామ్మా, తాలూకాఫీసుకు పోదాం" అన్నాడు. నేనూ వెంట వెళ్ళాను. నాన్న తెలుగులో సంతకం చేస్తే గుమాస్తా తల పైకెత్తి చూశాడు. "నాకు వచ్చింది ఇదే సామీ" అన్నాడు నాన్న. అతను ముద్ర వేశాడు.

ఎన్నికల రోజున బర్మా అక్క తెల్లవారకముందే తలస్నానం చేసింది. బడిలో వరుసలో అందరికన్నా ముందు నిలబడింది. బయటికి వచ్చాక నా భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నాళ్ళకి ఈ ఊరు నన్నో మాట అడిగిందమ్మా" అంది. ఆమె ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు మా గదిలోనే ఉంది. ఊళ్ళో సగం మంది ఆడపిల్లలకు కుట్టు నేర్పింది. గది మాట నాన్న మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు తిరువళ్ళూరు పక్క మణవాళనగర్‌లో నా కుట్టు షెడ్డులో ఒడిశా నుంచీ, బీహార్ నుంచీ వచ్చినవాళ్ళు పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరికైనా కార్డు పనో, పిల్లల బడి పనో పడితే ఆ పూట నేనూ వెంట వెళతాను. ఆఫీసు మెట్లెక్కాలంటే నాకు ఇప్పటికీ కొంచెం బెరుకే. అయినా ముందు నేనే నడుస్తాను. తోడొచ్చిన మనిషి పేరు బల్ల అవతల కూర్చున్నవారికి స్పష్టంగా వినిపించేలా చెబుతాను.